పేటను ఏటేటా ఫోటో తీసి దాచుకోవడం ఎలా: నెల్లూరు వీధుల్లో పాటించిన ఒక పద్ధతి

నెల్లూరులో ఆటో ఎక్కి మద్రాసు బస్టాండుకు పోవాలని చెప్పే మనిషికి, మద్రాసు 1996లోనే చెన్నై అయిందన్న సంగతి తెలియక కాదు. ఊళ్ళో చోట్ల పేర్లు మొండివి, ఒక పట్టాన వదలవు. ఆ పేర్ల కింద ఉన్న మిద్దెలు, బంకులు, చెట్లు, బోర్డులు మాత్రం మనం రోజూ చూస్తుండగానే మారిపోతాయి. మారిన తరువాత అంతకుముందు అక్కడ ఏముండేదని అడిగితే నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. మీరుండే పేటను మామూలు ఫోనుతోనే, ఏటేటా అదే చోట నిలబడి తీసి, తేదీతో సహా దాచుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. అందమైన ఫోటోలు తీయడం వేరే విద్య. ఇక్కడ కావలసింది, ఇరవై ఏళ్ళ తరువాత మరొకరు చూసినా ఇది ఏ చోటు, ఏ నెల, ఎటువైపు చూస్తున్నాం అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన ఫోటో.

ఈ పద్ధతి నాకు ఒక పొరపాటు వల్ల పట్టుబడింది. మూలాపేటలో మా వీధి మలుపున అరుగులున్న పెంకుటిల్లు ఒకటి ఉండేది. దాన్ని నేను నాలుగైదేళ్ళలో పది పన్నెండు సార్లు తీశాను, తీసిన ప్రతిసారీ వాట్సాప్‌లో బంధువులకు పంపాను, ఆ తరువాత ఫోను పాడైతే పంపిన వాటినే వెనక్కి దింపుకున్నాను. ఆ యాప్ ఫోటోను కుదించి పంపుతుందనీ, తీసిన తేదీ, చోటు చెప్పే సమాచారాన్ని అందులోంచి తీసేస్తుందనీ అప్పటికి నాకు తెలియదు. ఇల్లు పడగొట్టాక ఆ ఫోటోలను వరుసలో పెట్టబోతే ఏది ముందో ఏది వెనకో తేలలేదు. అరుగు మీద ఒకదానిలో ఉన్న సైకిలు మరొకదానిలో లేదు, అంతే తెలిసింది.

ముందు నడక

మొదటి వారం కెమెరా తీయకండి. జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, మీ ఇంటి నుంచి పది నిమిషాల్లో నడిచి రాగల మేర మాత్రమే తిరగండి. నెల్లూరంతా తీయాలని బయలుదేరినవారు మూడో ఆదివారానికి మానేస్తారు. సంతపేట మనిషి సంతపేటను, స్టోన్‌హౌస్‌పేట మనిషి స్టోన్‌హౌస్‌పేటను పట్టుకుంటే పని సాగుతుంది. నడిచేటప్పుడు రెండు రకాల చోట్లను రాసుకోవాలి. గుడి గోపురం, మసీదు మినారు, కళాశాల ద్వారం, పాత సినిమా హాలు వంటివి అందరూ గుర్తుపట్టే ఆనవాళ్ళు. వీటిని వెయ్యిమంది తీసి ఉంటారు కాబట్టి మీ జాబితాలో మూడో నాలుగో చాలు. మిగిలినవన్నీ ఎవరూ తీయనివి కావాలి: ఇస్త్రీ బండి నిలిచే వేపచెట్టు, వీధి కుళాయి, టీ బంకు, పిండి మర, మంగళూరు పెంకుల ఇల్లు, డ్రైను మీద పరిచిన కడప బండలు, రెండిళ్ళ మధ్య ఒక్క మనిషి మాత్రమే పట్టే సందు.

ఏది ముందుగా మారబోతోందో వీధే చెబుతుంది. గోడల మీద ఎర్ర రంగుతో బాణం గుర్తు, అంకె వేసి ఉంటే కొలతలు జరిగాయని అర్థం. మేడ కిటికీ తలుపులు ఊడదీసి లోపల గోడకు ఆనించి ఉంటే పడగొట్టే పని దగ్గరలో ఉంది. ఇంటి ముందు ఇసుక, కంకర దిగాయంటే ఇక వారం కూడా ఆగవద్దు. అలాంటి వాటిని జాబితాలో పైకి ఎక్కించండి. మొత్తం మీద పదిహేను చోట్లు మించకుండా చూసుకోవాలి, ఎందుకంటే వచ్చే ఏడు కూడా ఇవన్నీ మీరే తీయాలి.

నిలబడే చోటు

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే కనుక దీని గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. ఒకే మేడను మీరు అయిదడుగులు పక్కకు జరిగి తీసినా వచ్చే ఏటి ఫోటోతో అది సరిపోలదు. మారింది వీధా, మీరు నిలబడిన చోటా అన్నది చూసేవాడికి తెలియదు. అందుకని ప్రతి చోటుకూ కదలని గుర్తు ఒకటి ఎంచుకుని దానికి ఆనుకుని నిలబడాలి. కరెంటు స్తంభం బాగుంటుందనిపిస్తుంది కానీ రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట జరిగేది అదే. గుడి ప్రహరీ మూల, వంతెన పిట్టగోడ, పాత రాతి మెట్టు మరికొంత నమ్మదగినవి. నోటు పుస్తకంలో "సెంటర్ దగ్గర" అని రాస్తే పనికిరాదు. "మూతపడిన రేషను దుకాణం రెండో మెట్టు మీద, గోడకు వీపు ఆనించి, ఫోను గడ్డం ఎత్తున, తూర్పు ముఖంగా" అని రాయాలి. వీలైతే వెనక్కి తిరిగి మీరు నిలబడిన ఆ మెట్టును కూడా ఒక ఫోటో తీసి ఉంచండి.

గుర్తు పోయినా చోటును మళ్ళీ పట్టుకునే ఉపాయం ఒకటుంది. తీసేటప్పుడే దగ్గరి వస్తువొకటి, దూరపు వస్తువొకటి ఫ్రేములో వచ్చేలా చూసుకోవాలి. ఉదాహరణకు దగ్గరలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కుడి అంచు, దూరంగా ఉన్న మేడలో ఎడమ నుంచి మూడో కిటికీని సరిగ్గా సగం మూసేలా తీశారనుకోండి. వచ్చే ఏడు మీరు ఎడమకు ఒక్క అడుగు ఎక్కువ వేసినా ఆ కిటికీ మొత్తం మూసుకుపోతుంది, కుడికి వేస్తే మొత్తం బయటపడుతుంది. పాత ఫోటోను రెండో ఫోనులో తెరిచి పట్టుకుని, కిటికీ మళ్ళీ సగమే కనిపించే వరకు అటూ ఇటూ జరగండి. ముందు వెనకల లెక్క దాని తరువాత. దగ్గరి దిమ్మె ఎత్తు దూరపు మేడలో ఎన్నో అంతస్తు దాకా వస్తోందో పాత ఫోటోలో చూసి, దిమ్మె అంతకన్నా పొడుగ్గా కనిపిస్తుంటే వెనక్కి, పొట్టిగా కనిపిస్తుంటే ముందుకు రావాలి. మీ తాతగారి కాలం నాటి ఫోటో దొరికి, దాన్ని ఎక్కడ నిలబడి తీశారో కనిపెట్టాలన్నా చేయవలసింది ఇదే. ఒక్కోసారి ఈ వెతుకులాటలో మీరు ఇప్పుడున్న దుకాణం లోపలికి పోవలసి వస్తుంది, అంటే ఒకప్పుడు అక్కడ దుకాణం లేదన్నమాట.

జూమ్ చేస్తే ఈ తేడా సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. దగ్గరి వస్తువు, దూరపు వస్తువు ఒకదానితో ఒకటి ఎంత పరిమాణంలో కనిపించాలో నిర్ణయించేది మీరు నిలబడిన దూరమే. జూమ్ కేవలం అంచులను కత్తిరిస్తుంది. చాలా ఫోన్లలో ప్రధాన లెన్సు, పాత 35 ఎంఎం కెమెరా లెక్కలో చెప్పాలంటే, 24 నుంచి 28 ఎంఎం మధ్య ఉంటుంది. ప్రతి ఏటా అదే లెన్సు, జూమ్ లేకుండా వాడండి. అంతకన్నా వెడల్పుగా చూపే లెన్సు ఇరుకు సందుల్లో ఆశపెడుతుంది కానీ అంచుల్లో ఉన్న మేడలను సాగదీస్తుంది.

వెలుగు, ఋతువు

నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దీనివల్ల ఏప్రిల్ చివరి రోజుల్లోనూ, ఆగస్టు రెండో వారం ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, ఆ రెంటి మధ్య కాలంలో మధ్యాహ్నపు ఎండ కొద్దిగా ఉత్తరం వైపు నుంచి పడుతుంది. ఫోటో తీసేవారికి ఈ లెక్కతో ప్రయోజనం ఉంది. ఉత్తరం ముఖం ఉన్న మేడ ముందు గోడ మీద మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా మాత్రమే ఎండ పడుతుంది. గారచేసిన పూలు, తీగలు, కట్టిన సంవత్సరం అంకెలు వంటి పనితనం చూపాలంటే ఆ ఆరు నెలల్లో ఉదయమో సాయంత్రమో పోవాలి, పక్కవాటు ఎండలోనే ఆ ఎత్తుపల్లాలు తేలుతాయి. మిగతా ఆరు నెలలూ ఆ గోడ నీడలోనే ఉంటుంది; అది కూడా మంచిదే, ఎందుకంటే చేత్తో రాసిన పాత బోర్డుల రంగులు మెరుపు లేని ఆ నీడ వెలుగులోనే స్పష్టంగా వస్తాయి. దక్షిణం ముఖం ఉన్న గోడలకు శీతకాలమే అనుకూలం. తూర్పు పడమరల ముఖాలకు ఇంత లెక్క అవసరం లేదు.

సూర్యోదయం ఇక్కడ జూన్ మొదట్లో ఆరింటికి ముందే అవుతుంది, జనవరిలో ఆరున్నర దాటాక గానీ కాదు. అందువల్ల "ఉదయం ఏడు" అని రాసుకున్నంత మాత్రాన రెండేళ్ళ ఫోటోల్లో ఒకే వెలుగు రాదు. తేదీని కూడా కలిపి పట్టుకోవాలి. నేను సంక్రాంతి తరువాతి ఆదివారాన్ని ఎంచుకున్నాను: ఎండ మెత్తగా ఉంటుంది, ఇంటి ముందు ముగ్గులు ఇంకా చెరిగిపోవు, తెల్లవారి గంట సేపు ట్రంకు రోడ్డు కూడా నడవడానికి వీలుగా ఉంటుంది. రోహిణి కార్తెలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఫోను వేడెక్కి కెమెరా దానంతటదే ఆగిపోతుంది, మనిషి సంగతి చెప్పనక్కరలేదు.

ఇక్కడ వర్షాలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ కాలంలో ఒక విడత అదనంగా తీయడం మంచిది, ఏ వీధిలో నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయన్నది ఎండాకాలపు ఫోటో చెప్పలేదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు చాలామంది నీళ్ళను తీశారు. నీళ్ళు తగ్గాక గోడ మీద మిగిలిన బురద చారను తీసినవారు తక్కువ. అలాంటి చార కనిపిస్తే దాని పక్కన కొలత టేపు నిలువుగా పట్టుకుని, అంకెలు చదవడానికి వీలుగా దగ్గరగా ఒకటి, ఇల్లు మొత్తం కనిపించేలా దూరంగా ఒకటి తీయండి. సున్నం వేశాక ఆ చార ఉండదు.

తీసే విధానం

ఫోనులో గడుల గీతలు కనిపించే సౌకర్యాన్ని ఆన్ చేసి, మేడ అంచు నిలువు గీతకు సమాంతరంగా ఉండేలా పట్టుకోవాలి. పై అంతస్తు అందడం లేదని ఫోనును వెనక్కి వంచితే గోడలు లోపలికి పడిపోతున్నట్టు వస్తాయి. వంచడం కన్నా ఎదుటి అరుగు ఎక్కడమో, పది అడుగులు వెనక్కి పోవడమో మేలు. ముఖాన్ని నునుపు చేసే ఫిల్టర్లు, రంగులు పెంచే సెట్టింగులు ఆపేయండి, వెలిసిన నీలిరంగు వెలిసినట్టే రావాలి. లొకేషన్ ఆన్‌లో ఉంచండి. ఆకాశం మరీ తెల్లగా వస్తుంటే ఫోను తెర మీద గోడ కనిపించే చోట వేలితో నొక్కి పట్టి, వెలుగును కొంచెం తగ్గించి తీయండి. లెన్సును చొక్కా అంచుతో కాకుండా మెత్తటి గుడ్డతో తుడవాలని చెప్పడం అతిజాగ్రత్త అనిపించవచ్చు కానీ మన దుమ్ముకు అది అవసరం.

ఒక్కో చోట మూడు ఫోటోలు తప్పనిసరి. వీధిలో ఆ కట్టడం ఎక్కడుందో చూపేది ఒకటి, కట్టడం మొత్తం ఒకటి, ఒక వివరం ఒకటి. మూడోదాన్ని తేలికగా తీసుకోకండి. బోర్డులే చూడండి, అవి తమ వయసు తామే చెబుతాయి. జీఎస్టీ నంబరు ఉన్న బోర్డు 2017 జూలై తరువాతిది. జాతీయ రహదారిని ఎన్‌హెచ్ 5 అని రాసిన బోర్డు సాధారణంగా 2010లో అంకెలు మార్చక ముందుది, ఎన్‌హెచ్ 16 అని ఉంటే తరువాతిది. జిల్లా పేరుకు ముందు శ్రీ పొట్టి శ్రీరాములు అని ఉంటే 2008కి ఇవతలిది. కందుకూరు వైపు పోతే, 2022 ఏప్రిల్ 4న ఆ ఊరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి రావడంతో, పాత జిల్లా పేరు మీద కొత్త పేరు దిద్దిన అక్షరాలు ఎక్కడైనా కనబడతాయేమో చూడండి. వీధిలో నిలిపిన బళ్ళు కూడా సాక్ష్యమే: నెల్లూరు బండికి ఏపీ 26 ఉండేది, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. ఫ్లెక్సీలు రాక ముందు చేత్తో రాసిన బోర్డు దొరికితే దాని కింది మూలను దగ్గరగా తీయండి, చిత్రకారుడు తన పేరు అక్కడే చిన్న అక్షరాల్లో పెట్టుకుంటాడు.

దుకాణాలు తెరిచినప్పుడొకసారి, మూసినప్పుడొకసారి తీయాలి. తెరిచినప్పుడు వ్యాపారం కనిపిస్తుంది. ఆదివారం తెల్లవారి షట్టర్లు దించి ఉన్నప్పుడు వాటి పైన, మామూలు రోజుల్లో ఎవరూ తలెత్తి చూడని మొదటి అంతస్తు కనిపిస్తుంది.

స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగ వంటి సందర్భాలకు మరొక లెక్క ఉంది. అది మొహర్రం నెలలో వస్తుంది, హిజ్రీ సంవత్సరం మనం వాడే సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది, కాబట్టి పండుగ ఏటా అంత ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. అదే మెట్టు మీద నిలబడి ఏటా తీస్తే చెరువు నీటిమట్టం, వెలుగు, దుకాణాల పందిళ్ళు అన్నీ మారుతూ కనిపిస్తాయి. కానీ నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకునేవారు మొక్కుతో వచ్చినవారు. తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్ళను దగ్గరగా తీయడం మర్యాద కాదు. గట్టు మీద నుంచి, ముఖాలు తెలియనంత దూరంలో తీయండి.

అడగడం

పట్టణంలో ఒక మనిషి ఇళ్ళను ఫోటో తీస్తుంటే చూసేవారికి మొదట కలిగేది అనుమానమే, అందులో తప్పు లేదు. ఒకసారి నేను గోడ మీది ఎర్ర గుర్తును తీస్తుంటే లోపలి నుంచి పెద్దాయన వచ్చి, "ఏందబ్బయ్యా, మళ్ళా కొలతలా? ఇంకెంత పోతాది?" అని అడిగారు. నేను ఆఫీసు మనిషిని కాదనీ, ఎదుటి వీధిలోనే ఉంటాననీ చెప్పి ఫోనులో పాత ఫోటోలు చూపించాక కుర్చీ వేయించారు. అందుకని నడిచేటప్పుడు ఫోనులో పోయిన ఏటి ఫోటోలు సిద్ధంగా ఉంచుకోండి, వంద మాటల కన్నా అవి త్వరగా పనిచేస్తాయి. మనుషులు గుర్తుపట్టేలా పడుతుంటే అడిగి తీయాలి, పిల్లలైతే పెద్దవాళ్ళను అడగాలి, వద్దంటే తల ఊపి కదలాలి. రోడ్డు మీద నుంచి కట్టడం బయటి రూపాన్ని ఫోటో తీయడం మన కాపీరైటు చట్టం ప్రకారం ఉల్లంఘన కాదు. గుడుల్లో ఫోటోలు వద్దని రాసిన చోట, రైల్వే స్టేషను లోపల, కాపలా ఉన్న ప్రభుత్వ కార్యాలయాల దగ్గర మాత్రం ముందుగా అనుమతి అడగండి.

దాచడం

ఇంటికి వచ్చిన రోజే ఫోటోలను కేబులుతో కంప్యూటరులోకి ఎక్కించండి. ఎవరికైనా పంపవలసి వస్తే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే ఫోటో కుదించుకుపోదు. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల, తరువాత రోజు, ఆపైన చోటు సంఖ్య రాయాలి: 2025-01-19-07 అంటే ఆ రోజు ఏడో చోటు అని అర్థం. సంవత్సరాన్ని ముందు రాస్తే వరుస దానంతటదే కుదురుతుంది. మొత్తం మూడు ప్రతులు ఉండాలి: కంప్యూటరులో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఒకటి. రెండు ప్రతులూ ఒకే బీరువాలో ఉంటే వరదకు రెండూ ఒకేసారి పోతాయి. అందరికీ కనిపించేలా పెట్టే ప్రతుల్లో మాత్రం ఇళ్ళ లొకేషన్, బళ్ళ నంబర్లు తీసేయడం మంచిది, అసలు ప్రతుల్లో తీయకూడదు.

నోటు పుస్తకంలో రాసింది కూడా అదే రోజు ఎక్కించాలి. ఏం మారింది, ఎవరు చెప్పారు అన్న రెండు గడులు అందులో ఉంటే చాలు. మీరు విన్నదాన్ని విన్నట్టుగా, చూసినదాన్ని చూసినట్టుగా విడిగా రాయండి. రెండూ కలిసిపోతే తరువాత విడదీయలేరు.

ఏడాదికొకసారి పదిహేను చోట్లకూ ఒక్కో ఫోటో చొప్పున నాలుగు ఆరు అంగుళాల సైజులో స్టూడియోలో ప్రింటు వేయించండి. రెండేసి ప్రతులు వేయించి, ఒకదాన్ని ఆ చోటి మనిషికి ఇవ్వండి. మొన్న సంక్రాంతి తరువాత వేపచెట్టు ఫోటోను దాని కింద ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయనకు ఇస్తే, చాలాసేపు చూసి, నేను "గాలివానకు కొమ్మ విరిగింది" అని రాసుకున్న చోట వేలు పెట్టి, "ఇది గాలికి ఇరగలా సార్, ఎదురింటోళ్ళ పెళ్ళి పందిరికి అడ్డమని కొట్టేసినారు, నేనే తాడు పట్టుకున్యా" అన్నారు. ప్రింటు వెనక పెన్సిలుతో ఆ మాట రాసి, పక్కన ఆ రోజు తేదీ వేసి ఉంచాను. బాల్‌పెన్ వాడకండి, దాని ఒత్తిడికి ఫోటో ముందు వైపు గీతలు తేలవచ్చు.